ఆరుంపావు పౌన్ల తుపాకితో సౌత్ డకోటాలో

గురువారం

మినియాపోలిస్ పక్కనే మొదలయ్యే 212 హైవే ఎక్కి పడమటికి పోతే గ్రానైట్ ఫాల్స్, మాంటెవీడియో దాటాక కాసేపటికి సౌత్ డకోటా వస్తుంది, అక్కణ్ణుంచి వాటర్‌టౌన్, క్లార్క్, డోలాండ్, ఆ తర్వాత రెడ్‌ఫీల్డ్. ఫెజెంట్ల వేటకి దాదాపు ఐదు గంటల ప్రయాణం. ఫెజెంట్ అంటే కోడిని పోలిన, పొడవు తోక అడవి పక్షి. నవంబరు మొదటి వారం కాబట్టి సోయా కోతలు అయిపోయాయి, మొక్కజొన్న అక్కడక్కడా ఇంకా నిలబడి ఉంది, మధ్యమధ్యలో జమ్ము పెరిగిన నీటి గుంటలు, వాటి అంచుల్లో ఎండిన గడ్డి. ఆ జమ్మూ ఆ గడ్డీ కనబడగానే వెనక సీట్లో పడుకున్న చిట్టి లేచి కూర్చుంది. చిట్టి నా బ్రిటనీ జాతి కుక్క, తెలుపు మీద నారింజ రంగు మచ్చలు. దానికి పక్షి వాసన తగిలితే ఉన్నచోటే బిగుసుకుపోయి నిలబడుతుంది, మనం వెళ్ళి లేపేదాకా కదలదు.

దాని పక్కనే రెండున్నర అడుగుల తోలు పెట్టె. తుపాకి పెట్టె అంత పొట్టిగా ఉందేంటని చూసినవాళ్ళు అడుగుతారు. రెండు గొట్టాల పాత తుపాకికి ఉన్న సుఖాల్లో ఇదొకటి, ముందు చెక్క తీసేసి గొట్టాలు దించితే మూడు ముక్కలవుతుంది, ఏ పనిముట్టూ అక్కర్లేదు, కారు డిక్కీలో సూట్‌కేసు పక్కన సర్దేసుకోవచ్చు.

నాది ఫిలడెల్ఫియాలో ఏ.హెచ్. ఫాక్స్ కంపెనీ చేసిన స్టెర్లింగ్‌వర్త్, 16 గేజ్, 28 అంగుళాల గొట్టాలు పక్కపక్కన. 1910లో మొదలుపెట్టిన మోడల్ ఇది, పెద్ద డబ్బులు పెట్టలేని మామూలు వేటగాళ్ళ కోసం చేశారు, అందుకే అంచుల వెంట ఒక గీత తప్ప నగిషీలేమీ ఉండవు. 1929లో ఆ కంపెనీని సావేజ్ వాళ్ళు కొనేసి తర్వాత తయారీని న్యూయార్క్ రాష్ట్రంలోని యుటికాకి మార్చారు. నా తుపాకి మీద ఫిలడెల్ఫియా ముద్రే ఉంది కాబట్టి అటూ ఇటూగా వందేళ్ళ వయసు. బరువు ఆరుంపావు పౌన్లు.

16 గేజ్ అంటే ఏమిటో చెబితే దీని తత్వం సగం అర్థమైపోతుంది. ఒక పౌను సీసాన్ని సమానంగా పదహారు గుండ్లు చేస్తే అందులో ఒక గుండు సరిగ్గా పట్టేంత వెడల్పు గొట్టం. అంటే ఒక గుండు ఒక ఔన్సు. అందుకే ఈ తుపాకికి ఒక ఔన్సు సన్నగుళ్ళు ఉన్న తూటా చక్కగా నప్పుతుంది, అంతకుమించి కూరాల్సిన పనిలేదు, అంత బరువైన తుపాకి చెయ్యాల్సిన పనీ లేదు. 12 గేజ్ గొట్టం కంటే సన్నం, అందువల్ల మొత్తం ఆకారమే సన్నబడుతుంది. పాతకాలం పనివాళ్ళు 12 గేజ్ చట్రం (గొట్టాలకీ చెక్కకీ మధ్య ఉండే ఇనుప భాగం) మీద 16 గొట్టాలు బిగించి సరిపెట్టలేదు, చిన్న గేజ్‌లకి విడిగా చిన్న చట్రం చేశారు. ఆ తేడా చేతికే తెలుస్తుంది.

ఊళ్ళో మా తాతయ్యకి లైసెన్సు తుపాకి ఒకటుండేది, మాది ప్రకాశం జిల్లా. అదీ జంట గొట్టాలదే, 12 బోరు, అంటే 12 గేజే, మినప చేలల్లోకి పందులు దిగితే గాల్లోకి పేల్చడానికి. ఎలక్షన్లు వస్తే పోలీస్ స్టేషన్లో డిపాజిట్ చేసి రసీదు తెచ్చుకునేవాడు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేటన్నది మాకు పెద్దవాళ్ళ మాటల్లో వినడమే, కౌజులూ పూరేళ్ళూ చేలగట్ల మీద కూస్తుంటే వినడమే. ఇక్కడికొచ్చాక లైసెన్సు తీసుకుని, వేటగాళ్ళ సేఫ్టీ కోర్సు చేసి, రాష్ట్రం పెట్టిన హద్దుల్లో వేటాడటం నేర్చుకున్నాను. బయటి రాష్ట్రాల వాళ్ళకి సౌత్ డకోటా ఇచ్చే చిన్న జంతువుల లైసెన్సు (పక్షులూ అందులోకే వస్తాయి) రెండు విడతలుగా వస్తుంది, ఒక్కో విడత వరసగా ఐదు రోజులు. మొదటి విడత రేపటి నుంచి మొదలుపెట్టించుకున్నాను.

శుక్రవారం

ఫెజెంట్ వేట పొద్దున పదింటికి గానీ మొదలవ్వదు, సూర్యాస్తమయంతో ఆపెయ్యాలి. మనిషికి రోజుకి మూడు పుంజులు. పెట్టలని ముట్టుకోకూడదు. తొందరేం లేదు కాబట్టి రెడ్‌ఫీల్డ్‌లో తీరిగ్గా టిఫిన్ చేసి డోలాండ్ వైపు వెనక్కి వచ్చాను.

ఈ స్పింక్ కౌంటీ మామూలు చోటు కాదు. ఫెజెంట్ ఈ దేశపు పక్షే కాదు, చైనా నుంచి తెచ్చింది, 1880ల మొదట్లో ఒరెగాన్‌లో వదిలితే అక్కడ నిలదొక్కుకుంది. సౌత్ డకోటాలో అది నిలిచింది 1908లో, ఈ డోలాండ్ ప్రాంతంలో రైతులు కొన్ని జతలు తెచ్చి వదిలినప్పుడు. పదకొండేళ్ళలో ఎంత పెరిగాయంటే 1919లో ఇదే కౌంటీలో ఒక్కరోజు వేటకి అనుమతిచ్చారు. 1940ల నడిమికొచ్చేసరికి రాష్ట్రం మొత్తమ్మీద కోటిన్నర దాటాయని లెక్క. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అబర్డీన్ స్టేషన్లో ఆగే సైనికుల రైళ్ళకి ఊరి ఆడవాళ్ళు ఫెజెంట్ మాంసంతో సాండ్‌విచ్‌లు చేసి ఇచ్చేవాళ్ళు. 1943లో దాన్ని రాష్ట్ర పక్షిగా ప్రకటించారు. తెచ్చిపెట్టుకున్న పక్షి రాష్ట్ర పక్షి అవడం నాకెప్పుడూ బాగుంటుంది, మేమూ ఇక్కడికి అలా వచ్చినవాళ్ళమే.

నేను దిగింది వాక్-ఇన్ ఏరియా అంటారు, రైతు సొంత భూమి, రాష్ట్రం అతనికి డబ్బిచ్చి జనం కాలినడకన వేటాడుకోనిచ్చే ఏర్పాటు. గేటు దగ్గర బోర్డు ఉంటుంది, ఎవర్నీ అడగక్కర్లేదు. నా ముందు పావు చదరపు మైలు గడ్డి, నడుం ఎత్తున, దానికి ఒక పక్క జమ్ము గుంట, ఇంకో పక్క కోసేసిన మొక్కజొన్న చేను.

తుపాకి జోడించాను. గొట్టాలు కొక్కేనికి తగిలించి పైకి మూస్తే బ్యాంకు లాకరు తలుపు పడిన చప్పుడు, ముందు చెక్క నొక్కితే క్లిక్కుమంటుంది. రెండు తూటాలు వేశాను, ట్రిగ్గర్ నొక్కినా పేలకుండా ఆపే సేఫ్టీ మీట చూసుకున్నాను. ఈ తుపాకి తెరిచిన ప్రతిసారీ సేఫ్టీ దానంతటదే పడుతుంది, వేటలో నాకది మంచిదనిపిస్తుంది.

ఇక నడక. ఈ వేటలో అసలు పేల్చడం ఎంతసేపు? పది గంటల నుంచి పొద్దుగూకే దాకా నడిస్తే, మూడు పుంజులూ దొరికిన రోజు కూడా తుపాకి భుజానికెత్తి దించే సమయమంతా కలిపి ఒక్క నిమిషం ఉండదు. మిగతాదంతా మొయ్యడమే. షాపులో తుపాకి కొనేవాళ్ళు భుజానికి ఆనించి గోడమీద మేకుకి గురి చూస్తారు, నేనైతే దాన్ని ఒంటిచేత్తో పట్టుకుని షాపంతా రెండు చుట్లు తిరగమంటాను. ఆ చుట్లలోనే తెలిసిపోతుంది.

ఎలాగంటే, పక్కపక్క గొట్టాల తుపాకి బరువు చాలావరకు రెండు చేతుల మధ్యే ఉంటుంది. గొట్టాలు మడత పడే కీలు కింద వేలు పెడితే నాది అటూ ఇటూ ఒరగకుండా నిలుస్తుంది. సరిగ్గా ఆ కీలు దగ్గర చట్రం ఎత్తు తక్కువ, అడుగుభాగం అంచులు గుండ్రం, అరచెయ్యి చుట్టూ తిరిగి వేళ్ళు కలుస్తాయి. ఒంటిచేత్తో పక్కన వేలాడేసుకుని మైళ్ళకొద్దీ నడవొచ్చు. ఒకటి పేలగానే తర్వాతి తూటా దానంతటదే ఎక్కే సెమీ ఆటోమేటిక్ అయితే ఆ చోట పెద్ద ఎత్తైన పెట్టె ఉంటుంది, లోపల యంత్రమంతా అక్కడే కాబట్టి, వేళ్ళు కలవవు, గంట తిరక్కుండా మణికట్టు పీకడం మొదలవుతుంది. బరువులో తేడా ఒక పౌను, పౌనున్నర ఉండొచ్చు, కానీ చేతికి తెలిసే తేడా అంతకు రెట్టింపు.

చెయ్యి మార్చుకోడానికి కూడా వీలెక్కువ. కాసేపు పక్కన వేలాడదీస్తాను, కాసేపు మోచేతి మడతలో పడుకోబెడతాను, ఎదురుగా ఎవరూ లేనప్పుడు ట్రిగ్గర్లు పైకి ఉండేలా భుజం మీద వేసుకుంటాను. చిట్టి తోక వేగం మారగానే రెండు చేతుల్లోకి వస్తుంది.

పదకొండు దాటాక మారింది. జమ్ము అంచున ముక్కు కిందకి పెట్టి అడ్డదిడ్డంగా పరిగెత్తి, టక్కున బిగుసుకుపోయింది. పుంజు నిలబడే రకం కాదు, గడ్డిలో పరిగెత్తి తప్పించుకుందామని చూస్తుంది, కాబట్టి నేను కుక్క వెనక నుంచి కాకుండా చుట్టూ తిరిగి ఎదురుగా వెళ్ళాను. నా కాళ్ళ దగ్గర గుప్పున లేచింది పెట్ట, మట్టిరంగు, చప్పుడు లేదు. తుపాకి సగం పైకొచ్చి ఆగింది. మరో రెండడుగులకి పుంజు, రెక్కల మోతతో పాటు కక్‌కక్‌కక్‌మని ఒకటే అరుపు, మెడకి తెల్ల పట్టీ, మూరెడు తోక, రాగి రంగు ఒళ్ళంతా ఎండలో మెరిసింది. ముందు ట్రిగ్గర్ నొక్కాను. పాతిక గజాల్లో పడింది, చిట్టి తెచ్చింది.

సాయంత్రం దాకా ఇంకో పుంజు. అది చాలు, కాళ్ళు లాగుతున్నాయి గానీ చేతులకి ఏం కాలేదు.

శనివారం

సూ ఫాల్స్ నుంచి మా బావ వచ్చాడు. వాడి చేతిలో కొత్త 12 గేజ్ సెమీ ఆటోమేటిక్, ఖాళీగా ఏడున్నర పౌన్లు. ఈ రోజు పొలం ఒక పెద్దాయనది, డెబ్బై దాటాయి, ఏటా మమ్మల్ని రమ్మంటాడు. ఆయన కొడుకులు, మనవలు, చుట్టాలు కలిసి పెద్ద గుంపు. జొన్న, మొక్కజొన్న పట్టీలుగా వదిలేసి ఉంచాడు పక్షుల కోసం. సగం మంది ఒక కొసన నిలబడతారు, మిగతావాళ్ళు వరసగా నడుచుకుంటూ పక్షుల్ని అటు తోలతారు.

ఇంతమంది ఉన్నచోట నాకు అన్నిటికంటే ముందు భద్రతే. అందరం నారింజ రంగు కోట్లు వేసుకున్నాం, కింద ఎగిరే పక్షిని ఎవరూ కొట్టకూడదని, వెనక ఆకాశం కనబడితేనే ట్రిగ్గర్ ముట్టుకోవాలని పెద్దాయన మొదటే గట్టిగా చెప్పాడు. ఇలాంటి చోట పాత జంట గొట్టాల తుపాకికి సాటి లేదని నా నమ్మకం. నడక ఆగగానే మీట పక్కకి తోసి తుపాకి మడిచి, మోచేతి మీద వేసుకుంటాను. రెండు గొట్టాల్లోంచి అవతలి వెలుగు కనబడుతుంది. ఇరవై గజాల దూరంలో ఉన్న పిల్లాడికి కూడా నా తుపాకి ఇప్పుడు పేలదని తెలుసు, నన్ను అడగక్కర్లేదు. కంచె దాటేటప్పుడూ అంతే, తూటాలు తీసి జేబులో వేసుకోవడం రెండు సెకన్ల పని. సెమీ ఆటోమేటిక్‌లో తూటా ఉందో లేదో పక్కవాడికి కనబడదు, పట్టుకున్నవాడి మాట నమ్మాలి.

పెద్దాయన నా చేతిలోంచి తీసుకుని చూశాడు. వాళ్ళ నాన్న దగ్గర ఎల్.సి. స్మిత్ కంపెనీ జంట గొట్టాల తుపాకి ఉండేదట, న్యూయార్క్ రాష్ట్రం ఫుల్టన్‌లో చేసింది. తుపాకి నడుం దగ్గర చెక్క వేలితో తడిమి పగుళ్ళు లేవా అనడిగాడు. అడగాల్సిన ప్రశ్నే. ఆ తరం తుపాకుల్లో చెక్క ఇనుముతో కలిసే చోట నూనె ఇంకి మెత్తబడి చీలిక పడుతుంది, కొనేటప్పుడు చాలామంది గొట్టాలు చూస్తారు గానీ అక్కడ చూడరు. నాది కొన్నవెంటనే ఆ చోట నూనె లాగించేశాను.

రెండో పట్టీలో బావకీ నాకూ మధ్యలోంచి ఒక పుంజు లేచి గాలివాటున వెనక్కి తిరిగింది. గాలి తోడైతే పుంజు ఎంత వేగం వెళుతుందో చూసినవాళ్ళకే తెలుసు. నేను వెనక ట్రిగ్గర్ నొక్కాను.

ఇక్కడ రెండు ట్రిగ్గర్ల సంగతి చెప్పాలి, కొత్తవాళ్ళు దీన్నే చాదస్తం అంటారు. ముందు ట్రిగ్గర్ కుడి గొట్టానిది. ఆ గొట్టం కొస కాస్త వదులు, గుళ్ళు త్వరగా విచ్చుకుంటాయి, కుక్క ముక్కు దగ్గర లేచిన పక్షికి అది. వెనక ట్రిగ్గర్ ఎడమ గొట్టానిది. దాని కొస బిగువు, గుళ్ళు గుంపుగా దూరం పోతాయి. పక్షి దగ్గర్లో లేస్తే ముందు వేలు, దూరంలో లేస్తే వెనక వేలు, ఆలోచన కూడా అక్కర్లేదు. ఒకే గొట్టం తుపాకిలో చోక్, అంటే గొట్టం కొస ఇరుకు, పొద్దున ఏది బిగించుకుంటే రోజంతా అదే. జంట గొట్టాల్లో అయినా ఒకే ట్రిగ్గర్ ఉన్నవాటికి బొత్తం తొయ్యాలి, ఎగిరే పుంజు అంతదాకా ఆగదు. ఆ గాలివాటు పుంజు నలభై గజాలకి దగ్గరగా వెళ్ళాక పడింది. మొదట వేసిన గొట్టమే బిగువుది కాబట్టి.

మధ్యాహ్నం భోజనాలయ్యాక బావ తన తుపాకిని పట్టీతో భుజానికి తగిలించుకున్నాడు. "బరువు కాదు బావా, పట్టుకోవడమే కుదరట్లేదు" అన్నాడు. పట్టీ భుజానికి పోయిందంటే తుపాకి చేతుల్లో లేనట్టే. మూడో చేను పట్టీలో వాడి ముందు రెండు పుంజులు లేచాయి, భుజం నుంచి తుపాకి దించేలోపు రెండూ రోడ్డు దాటేశాయి.

ఆదివారం

రాత్రి నుంచి వాయవ్యం గాలి, సన్నటి తుంపర. పొద్దున జమ్ము గుంట ఒకదానిలో కాసేపు తిరిగాం, బాతుల పెంపకం కోసం కేంద్ర ప్రభుత్వం కొని ఉంచిన భూమి అది. ఇలాంటిచోట సీసం గుళ్ళు వాడకూడదు, నీళ్ళలో పడిన గుళ్ళు బాతులు మింగి చచ్చిపోతాయి. చాలామంది స్టీలు గుళ్ళు వాడతారు. ఈ పాత గొట్టాలకి మాత్రం స్టీలు పనికిరాదు. సీసం మెత్తన, కొస దగ్గర ఇరుకు చోట నొక్కుకుని వెళ్ళిపోతుంది, స్టీలు గట్టిది కాబట్టి నొక్కుకోదు, ఆ భారమంతా గొట్టం మీద పడి కొస ఉబ్బిపోతుంది. దీనికి మందు బిస్మత్. సీసమంత కాదు గానీ స్టీలు కంటే బరువు, పైగా మెత్తన. ఖరీదు బాగా ఎక్కువ, కానీ రోజుకి పేల్చే తూటాలెన్ని? నేను ఎక్కడికెళ్ళినా బిస్మతే, ఏ భూమిలో ఏ నియమం అని జేబులు వెతుక్కునే టెన్షన్ లేదు.

తడిసి ముద్దయి మధ్యాహ్నానికి మోటల్‌కి వచ్చేశాం. తువ్వాలు పరిచి తుపాకి విప్పాను. బావ పక్కన కూర్చుని ప్రతీదీ అడిగాడు, నాకూ చెప్పాలనే ఉంది.

ముందు గొట్టాలు. కొక్కెం దగ్గర వేలితో పట్టుకుని వేలాడదీసి, ప్లాస్టిక్ పిడితో మెల్లగా తట్టాను. ఖంగుమని మోగి సాగింది. రెండు గొట్టాల మధ్య పైనా కిందా ఉండే పట్టీలని టంకంతో అతికిస్తారు. ఎక్కడైనా టంకం ఊడితే ఆ మోత రాదు, బొక్కబోయిన చప్పుడొస్తుంది. తడి రోజుల తర్వాత ఇది చూడటం నాకు అలవాటు, పట్టీ కింద నీళ్ళు చేరితే లోపల్నుంచి తుప్పు తినేస్తుంది.

తర్వాత తుపాకి తెరవడానికి పక్కకి తోసే పై మీట. ఫాక్స్‌లో గొట్టాలని బిగించి పట్టేది గుండ్రంగా తిరిగే ఒక గొళ్ళెం, అది అరిగే కొద్దీ ఇంకాస్త లోపలికి తిరిగి ఆ అరుగుదలని తనే పూడ్చుకుంటుంది. కొత్త తుపాకిలో మీట మధ్యగీతకి కుడిపక్కన ఆగుతుంది, ఏళ్ళ వాడకంలో మెల్లగా మధ్యకి వస్తుంది. నాది ఇంకా కుడివైపే ఉంది. వందేళ్ళ తర్వాత కూడా దానికి ఇంకా ఆయుష్షు మిగిలి ఉందన్నమాట. లోపలి యంత్రం కూడా అంతే తెలివైనది, సుత్తీ, తూటాని గుద్దే ముల్లూ ఒకే ముక్కలో చేశారు, చుట్ట స్ప్రింగు పెట్టారు, విరగడానికి అసలు ఎక్కువ భాగాలే లేవు.

చట్రం బయట అంతా అరిగి బూడిదరంగు వెండిలా మారిపోయింది. గొట్టాలు తీశాక మాత్రం అవి కూర్చునే చదునైన చోట, వెలుగు తగలని మూలలో, మొదటి రోజుల నీలం, గోధుమ, ఊదా మరకలు ఇంకా ఉన్నాయి. ఎముకల బొగ్గులో కాల్చి నీళ్ళలో ముంచితే పైపొర గట్టిపడటంతో పాటు వచ్చే రంగులవి. బావ సెల్‌ఫోన్ లైటు వేసి చాలాసేపు చూశాడు.

"మరి ఇంత పాతది పేల్చడానికి భయం లేదా?" అన్నాడు. భయం ఉండాలి, చూపించుకోకుండా పేల్చకూడదు. నేను కొనేముందు పాత తుపాకుల పని తెలిసిన మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన మొదట తూటా కూర్చునే గది పొడవు కొలిచాడు. అప్పటి 16 గేజ్ తూటాలు రెండున్నర అంగుళాల మీద కాస్త, ఇప్పుడు షాపుల్లో దొరికేవి రెండు ముప్పావు. పొడవు తూటా లోపల పట్టేస్తుంది, మూత కూడా పడుతుంది, అందుకే ప్రమాదం. పేలినప్పుడు దాని కొస విచ్చుకోడానికి చోటుండదు, ప్రెషర్ పెరిగిపోతుంది. అందుకే నేను రెండున్నర అంగుళాల, తక్కువ ప్రెషర్ తూటాలే తెప్పించుకుంటాను. తర్వాత ఆయన గొట్టం గోడ మందం కొస నుంచి మొదలు దాకా కొలిచాడు. బయట ఎంత నిగనిగలాడినా లోపల ఎవరో తుప్పు గీకించి పల్చబరిచి ఉండొచ్చు, అది కంటికి కనబడదు. నాది అన్నిచోట్లా నిలిచింది, కాబట్టి కొన్నాను. ఇనుప తీగలు మెలితిప్పి చేసిన డమాస్కస్ గొట్టాలైతే ఇంకా ఆచి తూచి అడుగెయ్యాలి. ఇది ఒకే ఉక్కుతో చేసినది.

సాయంత్రం వంట. మోటల్ గదిలో చిన్న స్టవ్ ఉంది, బావ కుక్కర్ తెచ్చాడు. ఇంటికి తీసుకెళ్ళే పక్షులకి తలో, కాలో, ఈకలున్న రెక్కో వదలాలి, పుంజు అని తెలియడానికి, కాబట్టి వాటిని అలాగే ఐసు పెట్టెలో ఉంచి మేము తినేవి మాత్రం పూర్తిగా కోశాం. రొమ్ము మాంసం సన్నగా తరిగి మిరియాలు, కరివేపాకుతో వేపుడు, ఎక్కువసేపు ఉంచితే పిడచగట్టిపోతుంది, రెండు మూడు నిమిషాల్లో దించెయ్యాలి. కాళ్ళు మాత్రం రోజంతా పరిగెత్తిన కాళ్ళు, నరాలు పుల్లల్లా ఉంటాయి. వాటిని లాగేసి కుక్కర్లో అల్లం వెల్లుల్లితో ఉడికించి, ఇంటినుంచి తెచ్చిన గోంగూర కలిపాం.

సోమవారం

తెల్లారకముందే బయల్దేరి పియర్ ఊరు దాటి 83 రోడ్డు మీద దక్షిణానికి, ఫోర్ట్ పియర్ నేషనల్ గ్రాస్‌లాండ్‌కి వచ్చాం. లక్ష ఎకరాలు దాటిన గడ్డినేల, ప్రభుత్వానిది, ఎవరైనా నడవొచ్చు. ఇక్కడ ఫెజెంట్ కాదు, షార్ప్‌టెయిల్డ్ గ్రౌస్, ప్రెయిరీ చికెన్, రెండూ ఈ నేలమీదే పుట్టి పెరిగిన పక్షులు. వీటికి పదింటి నియమం లేదు, సూర్యోదయం నుంచే వేట.

జమ్ము లేదు, మొక్కజొన్న లేదు, చెట్టు కూడా లేదు. మోకాలి ఎత్తు గడ్డి, ఎత్తుపల్లాలు, అంతే. ఇక్కడ తోలడం, కాపు కాయడం ఏమీ ఉండదు, మైళ్ళు నడవడమే. పక్షులు గాలికి మరుగ్గా దిబ్బ పక్కవాలులో, బఫెలోబెర్రీ పొదల దగ్గర కూర్చుంటాయి. కుక్కని గాలికి ఎదురుగా వదిలి దిబ్బ తర్వాత దిబ్బ ఎక్కి దిగాలి.

కారు దగ్గరే బావకి నా తుపాకి ఇచ్చాను, దాని తూటాలు కూడా. వాడిది నేను తీసుకోలేదు, చిట్టి వెంట ఉట్టిచేతులతో నడిచాను. తెరవడం, మూయడం, సేఫ్టీ, రెండు ట్రిగ్గర్లు ఖాళీ తుపాకితో పది నిమిషాలు చేయించి, చేతికి అలవాటయ్యాక బయల్దేరాం.

రెండు గంటలపాటు ఏమీ లేవలేదు. మామూలుగా అయితే బావ ఈపాటికి తుపాకి భుజానికి తగిలించేసేవాడు. ఈ రోజు చూస్తున్నాను, కుడిచేత్తో కీలు దగ్గర పట్టుకుని, చెయ్యి పక్కన వదిలేసి, ఊళ్ళో చేనుగట్టు మీద కర్ర పట్టుకుని నడిచినంత తేలిగ్గా నడుస్తున్నాడు. ఒక దిబ్బ మీద ఆగి నీళ్ళు తాగేటప్పుడు నేను చెప్పకుండానే మడిచి మోచేతి మీద వేసుకున్నాడు. "ఇది చేతిలో ఉన్నట్టే లేదు బావా" అన్నాడు. ఎన్నేళ్ళుగానో నేను చెబుతున్న మాట, వాడి నోటితో వినడం నాకు ఎంత సంతోషమో చెప్పలేను.

మూడో దిబ్బ అవతలి వాలులో చిట్టి బిగిసింది. గ్రౌస్ ఒకేసారి లేవవు, ఒకటి లేస్తుంది, ఇంకో రెండు, కాసేపాగి ఇంకోటి, నవ్వుతున్నట్టు కుక్‌కుక్ అంటూ. మొదటి వాటిని బావ చూస్తూ ఉండిపోయాడు, చివర్న లేచినదాన్ని కొట్టాడు, వెనక ట్రిగ్గర్‌తో. చేతిలోకి తీసుకుని చూశాం. రొమ్ము మీద వరస గీతలుంటే ప్రెయిరీ చికెన్, ఇలా బాణం మొనల్లాంటి మచ్చలుంటే షార్ప్‌టెయిల్. కాళ్ళకి వేళ్ళ దాకా ఈకలు, డకోటా చలికి ప్రకృతి తొడిగిన మేజోళ్ళు.

సాయంత్రం దాకా నడిచాం, ఇంకో రెండు దొరికాయి. తుపాకి ఒక్కసారి కూడా నాకు తిరిగివ్వలేదు వాడు.

పియర్‌లో పెట్రోలు కొట్టించుకుంటుంటే బావ అప్పుడే ఫోన్లో వెతకడం మొదలుపెట్టాడు. స్టెర్లింగ్‌వర్త్ ఒక్కటే కాదు, ఇథాకా, ఎల్.సి. స్మిత్ ఫీల్డ్ గ్రేడ్ (మామూలు రకం) కూడా చూడమన్నాను, 16 గేజ్‌లో ఇవి 12 గేజ్ అంత విరివిగా దొరకవు, ఓపిక పట్టాలి. పార్కర్ పేరుకి ధర ఎక్కువ, మొదటి తుపాకికి అక్కర్లేదు. వాడు ఒకటి చూపించాడు, 26 అంగుళాల గొట్టాలు, ధర బాగుంది, చెక్క కొత్తగా పాలిష్ కొట్టి అద్దంలా మెరుస్తోంది. ఫోటోలన్నీ ఒక పక్క నుంచే ఉన్నాయి. పై మీట ఎక్కడ ఆగుతోందో ఎదురుగా తీసిన ఫోటో, తూటా గది పొడవు, గొట్టాలు విప్పి చెక్క నడుం లోపలి ఫోటో, ఈ మూడూ పంపేదాకా డాలరు కూడా కట్టొద్దని చెప్పాను. వాడు అక్కడే నిలబడి ఆ మూడూ అడుగుతూ మెసేజ్ పెట్టి, సూ ఫాల్స్ వైపు బయల్దేరాడు.